పీత బండికి పోసిన ఆయిలు

నేను ముప్పై ఆరేళ్ళు తిరువూరులో మెకానిక్‌గా పనిచేశాను. అందులో చివరి పద్దెనిమిదేళ్ళు బైపాస్ రోడ్డు పక్కనున్న పెద్ద షెడ్డులో హెడ్ మెకానిక్‌ని. మోకాళ్ళు సహకరించక రెండేళ్ళ క్రితం మానేశాను. ఐటీఐ చదివి కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్ళు అప్పుడప్పుడూ మా ఇంటికొచ్చి పాత సంగతులు అడుగుతుంటారు. ఎవరికీ లొంగని ఫలానా బండి నా చేతికి ఎలా లొంగిందో వాళ్ళకు చెబుతుంటాను. ముసలి మెకానిక్కులందరూ చెప్పేవి అవే. ఒక సంగతి మాత్రం వాళ్ళకు ఇంతవరకూ చెప్పలేదు. నోటితో చెప్పడం కంటే రాయడం కాస్త తేలికనిపించి ఇక్కడ రాస్తున్నాను.

ముందు మా షెడ్డు గురించి కొంచెం తెలియాలి. ముందు భాగంలో ట్రాక్టర్లు, జీపులు, కార్లు. వెనక రేకుల కింద ఒక మూల బైకులు. ఆ మూల నాకంటే ఆరేడేళ్ళు చిన్నవాడైన ఒక మెకానిక్‌ది. మాటలు తక్కువ, పని శుభ్రం. విప్పిన ప్రతి బోల్టునూ విప్పిన వరసలోనే గోనెపట్టా మీద పేర్చుకునేవాడు. మాలో మాకు ఒక అంతస్తు ఉండేది. ట్రాక్టరు ఇంజిను విప్పేవాడు పైన, కార్లవాడు ఆ తర్వాత, బైకులవాడు అందరికంటే కింద. ఎవరూ నియమం పెట్టలేదు. టీ వచ్చినప్పుడు ఎవరి గ్లాసు ముందు నిండేదో చూస్తే కొత్తవాడికైనా తెలిసిపోయేది. నా గ్లాసే ముందు నిండేది. అది నాకు చాలా సహజంగా అనిపించేది.

నేను పని మానేయడానికి నాలుగేళ్ళ ముందు, చలికాలంలో ఒక మామిడితోట ఆసామి మా దగ్గరికి ఒక వింత బండిని తెచ్చాడు. ఆయన తోట రెడ్డిగూడెం వైపు, ఒక గుట్ట వాలులో ఉంది. పై చెట్ల దాకా ట్రాక్టరు పోదు. పోయినా కొమ్మలు విరుగుతాయి. అందుకని సముద్రపు ఒడ్డున ఏదో రిసార్టులో పిల్లలను తిప్పిన పాత ఏటీవీ ఒకటి కొన్నాడు. నాలుగు లావుపాటి టైర్లు, బైకుకు ఉన్నట్టే హ్యాండిలు, కాళ్ళు అటొకటి ఇటొకటి వేసుకుని కూర్చునే సీటు. ఎడమచేతికి క్లచ్చు, ఎడమకాలికి గేర్లు. ఏ రాయి మీదికైనా పాకుతూ ఎక్కేస్తుంది. తోటలో కూలీలు దానికి పీత బండి అని పేరు పెట్టారు. వెనక చిన్న ట్రక్కు తగిలిస్తే మందు డ్రమ్ములు పైకి, కాయల క్రేట్లు కిందికి తేవచ్చు. ట్రక్కు తిరిగేంత చోటున్న ఒకే ఒక్క దారి పై చెట్ల నుంచి కొంత దిగి మళ్ళీ ఒక ఎత్తు ఎక్కి రోడ్డు మీద పడుతుంది.

ఆ బండి నడపడానికి ఆయన పెట్టుకున్నది తోటలోనే పనిచేసే ఒక మనిషిని. ముప్పై ఏళ్ళు దాటిన ఆడమనిషి. అంతకుముందు ఆమె పాత మోపెడ్ మీద ఊరూరా తిరిగి కోడిగుడ్లు అమ్మేది. హ్యాండిలు పట్టుకోవడం, రాళ్ళబాటలో బండిని నిలబెట్టుకోవడం ఆమెకు బాగా వచ్చు. తోట మేస్త్రికి మాత్రం ఆ ఏర్పాటు నచ్చలేదు. ఇంతమంది మగాళ్ళుండగా ఆమెకేంటని అనేవాడట. వీళ్ళు చెట్టెక్కి కాయ కోస్తారు, ఆమె బండి నడుపుతుంది, ఎవరికి వచ్చింది వాళ్ళు చేస్తారని ఆసామి తేల్చేశాడట. ఇదంతా తర్వాత తెలిసింది.

బండి షెడ్డుకు వచ్చిన రోజున గేర్‌బాక్సు కింద బోల్టు విప్పితే లోపలి ఆయిలు పాలు కలిపిన టీలా వచ్చింది. నీళ్ళు చేరాయి. దాన్ని వంపేసి, కడిగి, కొత్త ఆయిలు పోయాలి. ఏ ఆయిలు అన్నదే ప్రశ్న. బండితో రావాల్సిన పుస్తకం రాలేదు. మూత మీద ఉండాల్సిన అక్షరాలు ఉప్పుగాలికి అరిగిపోయాయి. ఫోన్లో వెతుకుతానని ఆసామి అన్నాడు. ఎందుకులెండి అన్నాను.

ఇక్కడ ఒక్క సాంకేతిక విషయం చెప్పక తప్పదు. కారులో క్లచ్చు పొడిగా ఉంటుంది. దానికి ఆయిలు తగిలితే చెడిపోయినట్టే. బైకులో అలా కాదు. క్లచ్చు ప్లేట్లు ఆయిల్లోనే మునిగి తిరుగుతాయి. ఆ బండిలోనూ అంతే. ఇంజిను ఆయిలు వేరు, గేర్లకూ క్లచ్చుకూ కలిపి ఇంకో అర వేరు. ఆ అరలో పోసే ఆయిలు ఒకదానికొకటి పొసగని రెండు పనులు చెయ్యాలి. గేరు పళ్ళు అరగకుండా జారనివ్వాలి, క్లచ్చు ప్లేట్లు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటే అడ్డుపడకూడదు. ప్లేట్లు నూనెలో మునిగి ఉంటాయన్నది నాకూ తెలుసు. మంచి ఆయిలైతే ఏదైనా చాలనుకున్నాను.

బైకుల మెకానిక్ చేతులు తుడుచుకుంటూ వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి చూశాడు.

"ఇది పెద్ద బైకే అన్నా. మన బైకు ఆయిలే పోద్దాం" అన్నాడు.

నాలుగు చక్రాలున్న బండిని బైకంటావేంట్రా అని నేను నవ్వాను. పక్కనున్న ఇద్దరు కూడా నవ్వారు. అతను తన మూలకు వెళ్ళిపోయాడు.

నేను స్వయంగా సెంటర్‌లో ఉన్న స్పేర్ పార్టుల కొట్టుకు వెళ్ళాను. కొట్టాయన తాతల నాటి నుంచీ వ్యాపారంలో ఉన్న మనిషి. ఏది అడిగినా ముందు దేనికండీ అని అడుగుతాడు. ఆ రోజూ అడిగాడు. పెద్ద బండికి, అన్నిటికంటే మంచిది ఇవ్వండి అన్నాను. హెడ్ మెకానిక్ నోటి నుంచి వచ్చిన మాట కాబట్టి ఆయన ఇంకో ప్రశ్న వెయ్యలేదు. కొత్త రకం కార్లకు పోసే ఆయిలు డబ్బా తీసిచ్చాడు. మైలేజీ పెరగడానికి జారుడు మందు కలిపిన ఆయిలు. కొట్టులో దానికంటే ఖరీదైనది లేదు. ఖరీదైన బండికి ఖరీదైన ఆయిలు పోస్తున్నానన్న తృప్తితో షెడ్డుకు వచ్చి పోశాను.

వారం తర్వాత ఆసామి ఫోన్ చేసి గేర్లు వెన్నలా పడుతున్నాయి మేస్త్రీ గారూ అన్నాడు. ఆ మాట బైకుల మెకానిక్‌కు వినపడేలా షెడ్డు మధ్యలో నిలబడి రెండుసార్లు చెప్పాను.

పూత సమయంలో బండి మందు డ్రమ్ములు మోసింది. బరువు తక్కువ. ఏ ఇబ్బందీ రాలేదు. కాయ కోత మొదలయ్యాక క్రేట్లు ఎక్కాయి. ఒకరోజు పొద్దున్నే ఆమె ఒక్కతే బండి వేసుకుని షెడ్డుకు వచ్చింది. అంత దూరం రోడ్డు మీద ఆ బండిలో ఎందుకొచ్చావమ్మా అంటే, ఫోన్లో చెబితే అర్థం కాదని వచ్చానంది. నేను ఆమెను సరిగ్గా చూడటం అదే మొదటిసారి. తలకు తువ్వాలు చుట్టుకుని, చొక్కా వేసుకుని, కాళ్ళకు మగవాళ్ళ బూట్లు తొడుక్కుంది.

"ఎత్తెక్కేటప్పుడు ఇంజను అరుస్తంది గానీ బండి అంత ముందుకు పోవట్లేదండి. లోపల ఏదో జారినట్టు ఉంటంది" అని చెప్పింది.

ఒక మెకానిక్‌కు ఇంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేరు. ఏ పుస్తకంలో చూసినా క్లచ్చు జారడానికి గుర్తులు ఇవే ఉంటాయి. నేను మాత్రం ఆమె చెప్పింది వినకుండా ఆమె ఎడమచెయ్యి వైపు చూశాను. వేళ్ళు క్లచ్చు లివరు మీద ఆనించి ఉన్నాయి. క్లచ్చు సగం నొక్కి పట్టుకుని నడుపుతున్నావమ్మా, అందుకే జారుతోంది, మోపెడ్‌కు క్లచ్చు ఉండదు కదా, అలవాటు లేక అలా అవుతుంది అన్నాను. నేను నొక్కనండి, ఇప్పుడంటే బండి ఆగి ఉంది అంది. కేబులు కొంచెం సర్ది పంపించాను. వెళ్ళేటప్పుడు ఆమె బైకుల మూల వైపు ఒకసారి చూసింది. అతను కూడా చూశాడు. అది నా కేసు కాబట్టి అతను కలగజేసుకోలేదు. అప్పుడు కలగజేసుకుని ఉండాల్సిందని అతను తర్వాత ఎప్పుడో ఒకసారి నాతో అన్నాడు. కలగజేసుకుంటే నేనేం చేసేవాణ్ణో ఇద్దరికీ తెలుసు.

ఐదో రోజున ప్రమాదం జరిగింది. నిండా క్రేట్లతో రోడ్డు ముందరి ఎత్తు ఎక్కుతుంటే బండి మధ్యలో ఆగిపోయిందట. ఇంజిను అరుస్తూనే ఉంది, చక్రాలు తిరగలేదు. వెనక ట్రక్కు బరువుకు బండి వెనక్కి జారడం మొదలుపెట్టింది. ఆమె రెండు బ్రేకులూ వేసింది. ముందు రోజు కురిసిన వానకు నేల మెత్తగా ఉండి టైర్లు ఆగలేదు. ట్రక్కు అడ్డం తిరిగి ఒక చెట్టు మొదలుకు కొట్టుకుంది. ఆమె పక్కకు దూకి ఎడమచేతి మీద పడింది. మణికట్టు రెండు చోట్ల విరిగింది. ట్రక్కు వెనక నడుస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు ఆమె కేక విని పక్కకు తప్పుకున్నారు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఈ సంగతి నేను ఇలా కూర్చుని రాసేవాణ్ణి కాదు.

ఆమెను తిరువూరు తీసుకొచ్చి కట్టు కట్టించారు. అదే సాయంత్రం ట్రాక్టరు ట్రక్కులో పీత బండిని మా షెడ్డుకు తెచ్చారు. ఆసామి, తోట మేస్త్రి ఇద్దరూ వచ్చారు. నేను క్లచ్చు మూత విప్పాను. ప్లేట్లు మాడిన వాసన వచ్చింది. చేత్తో రుద్దితే గాజులా నున్నగా ఉన్నాయి. తోట మేస్త్రి నా భుజం మీద నుంచి వంగి చూసి, నడిపే మనిషి తప్పేనా అని అడిగాడు.

"హాఫ్ క్లచ్చు. మొన్న వచ్చినప్పుడే చెప్పాను" అన్నాను.

ఆ మాటలు అనడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. ఆసామి తల పంకించాడు. తోట మేస్త్రి ఆయన వైపు చూశాడు. మర్నాటి నుంచి ఆమెకు బండి లేదు. చెయ్యి బాగయ్యాక కూడా ఇక కాయలు ఏరే పనికే రమ్మన్నారట. హెడ్ మెకానిక్ చెప్పాడన్న మాట తోటంతా పాకింది. తోట దాటి ఊళ్ళోకీ వెళ్ళింది. ఆడదానికి బండి ఇస్తే ఇంతేనని అందరూ అనుకోవడానికి నా మాట సర్టిఫికెట్ అయింది.

కొత్త ప్లేట్లు హైదరాబాద్ నుంచి తెప్పించి వేశాను. ఆయిలు మళ్ళీ కొత్తది పోశాను. అదే ఆయిలు.

ఈసారి బండి నడపడానికి ఆసామి బావమరిది వచ్చాడు. కారు నడపడంలో పదేళ్ళ అనుభవం ఉన్నవాడు. రెండు వారాలు తిరక్కుండానే ఫోన్ చేశాడు. ఎత్తెక్కేటప్పుడు ఇంజిను అరుస్తోంది, బండి పోవట్లేదు అన్నాడు. దాదాపు ఆమె అన్న మాటలే. అతనితో మాత్రం హాఫ్ క్లచ్చు అనలేదు. బండి పంపించండి, చూస్తాను అన్నాను. ఫోన్ పెట్టేశాక ఆ తేడా నాకే వినపడింది.

బండి వచ్చింది. మూత విప్పాను. కొత్త ప్లేట్లు అప్పుడే గాజులా అయిపోయాయి. ఒక మనిషి చేతి అలవాటే కారణమైతే ఇంకో మనిషి నడిపినప్పుడు ఇలా కాదు. ప్లేట్ల తప్పయితే రెండు సెట్లూ ఒకేలా పోవు. మిగిలింది ఒక్కటే. నేను ఆ ప్లేటును చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను. చుట్టూ పని జరుగుతూనే ఉంది. బైకుల మెకానిక్ తన మూల నుంచి లేచి వచ్చాడు. చెప్పానా అంటాడని ఎదురుచూశాను. అనలేదు. తన దగ్గరున్న ఆయిలు డబ్బా ఒకటి నా ముందు పెట్టి, వెనక్కి తిప్పి, చిన్న అక్షరాలున్న చోట వేలు పెట్టాడు. ఎమ్.ఏ. అని రెండు అక్షరాలు. తడి క్లచ్చుకు పనికొచ్చే ఆయిలని దాని అర్థం. నేను కొన్న డబ్బా కూడా తెచ్చి పక్కన పెట్టాడు. దాని వెనక ఆ అక్షరాలు లేవు. ఇంధనం ఆదా అని మాత్రం పెద్దగా రాసి ఉంది. గేర్లను జార్చే మందే ప్లేట్లనూ జార్చింది. నేను ముప్పై ఏళ్ళకు పైగా ఆయిలు డబ్బాలు ఎత్తి పోశాను. వెనక్కి తిప్పి చదివింది మాత్రం అదే మొదలు.

ఇద్దరం కలిసి ఆ అరను రెండుసార్లు కడిగాం. మళ్ళీ కొత్త ప్లేట్లు తెప్పించాం. బిగించే ముందు వాటిని అతని ఆయిల్లో ఒక పూట నానబెట్టాడు. అది కూడా నాకు తెలియదు. తోట నుంచి దాని ట్రక్కును కూడా తెప్పించి, అందులో ఇసుక బస్తాలు వేసి, పక్కనున్న గోడౌను ర్యాంపు మీదికి బండి ఎక్కించాను. మధ్యలో ఆపి మళ్ళీ ఎక్కించాను. ఇంజిను గొంతు ఎంత పెరిగితే బండి అంత కదిలింది. అతను కింద నిలబడి చూశాడు. దిగాక అడిగాడు.

"బండి బాగైంది. మరి ఆ అమ్మాయి సంగతేంటన్నా?"

నేను ఇసుక బస్తాలు దించడం మొదలుపెట్టాను.

నిజం రాస్తానని కూర్చున్నాను కాబట్టి ఇదీ రాస్తాను. మూడు రోజులు నేను ఏమీ చెయ్యలేదు. బండి తోటకు వెళ్ళిపోయింది. బాగా నడుస్తోందని ఫోన్ కూడా వచ్చింది. ప్లేట్లలో లోపం ఉందని ఆసామి తనంతట తానే అనుకున్నాడు. కాదని నేను అనలేదు. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. తెలిసిన ఒక్కడూ మాట్లాడే మనిషి కాదు. కానీ ఆ మూడు రోజులూ టీ వచ్చినప్పుడు అతను తన గ్లాసు తీసుకుని రేకుల కిందికి వెళ్ళి కూర్చునేవాడు. ఎప్పుడూ కూర్చునే చోటే అది. అయినా నాకు వేరేగా కనపడింది.

నాలుగో రోజు పొద్దున బస్సెక్కి విస్సన్నపేటలో దిగి, అక్కణ్ణించి షేర్ ఆటోలో ఆమె ఊరు వెళ్ళాను. ఇల్లు అడిగితే కళ్ళంలో ఉందన్నారు. మిరపకాయలు రాశులు పోసి ఉన్నాయి. పదిమంది ఆడవాళ్ళు కూర్చుని తొడిమలు తీస్తున్నారు. ఆమె కట్టున్న చేతి వేళ్ళ మధ్య కాయ ఇరికించుకుని కుడిచేత్తో తొడిమ లాగుతోంది. మిగతావాళ్ళ ముందున్న కుప్పలతో పోలిస్తే ఆమె కుప్ప చిన్నది. ఘాటుకు నాకు తుమ్ములు ఆగలేదు. ఆమె నన్ను గుర్తుపట్టి లేచి పక్కకు వచ్చింది.

ఏం చెప్పాలో దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. వరసగా ఏదీ రాలేదు. ఆయిలు తప్పుగా పోశానమ్మా, నీ తప్పేమీ లేదు, నేను చూడకుండా మాట అనేశాను అని మాత్రం అన్నాను. క్షమించమని కూడా అన్నాను. ఆమె ముఖంలో ఆశ్చర్యం గానీ కోపం గానీ ఏమీ కనపడలేదు. వేళ్ళకంటిన కారం కొంగుకు తుడుచుకుంది.

"నాకు చెప్పటం ఎందుకండీ? నేను నొక్కలేదని నాకు తెలుసుగా. తెలియంది వాళ్ళకి" అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక, ఆసామికి ఫోన్ చేసి చెబుతానన్నాను. ఫోనెందుకండి అంది. మీరు ఆ మాట ఫోన్లో చెప్పలేదు కదా, మేస్త్రి ముందర చెప్పారు, ఆ మేస్త్రి అందరికీ చెప్పాడు, అన్నాల వేళకు అందరూ తోటలో పాక కాడ ఉంటారు, ఇప్పుడు బయల్దేరితే సరిపోయిద్ది అంది. నెమ్మదిగానే అంది. కళ్ళంలో పని చూసుకునే ఆవిడతో గంటలో వస్తానని చెప్పి చెప్పులు వేసుకుంది. తప్పించుకునే దారి నాకు మిగల్లేదు. నిజానికి నేను వచ్చింది ఆమెకు ఒక్కదానికి చెప్పి, మంచివాణ్ణి అనిపించుకుని, మధ్యాహ్నం బస్సుకు తిరిగి వెళ్ళిపోదామనే.

తోటలో క్రేట్లు పేర్చే పాక కింద ఇరవై మంది దాకా అన్నాలు తింటున్నారు. ఆసామి కుర్చీలో కూర్చుని లోడింగు చూసుకుంటున్నాడు. బావమరిది బండి పక్కన నిలబడి ఉన్నాడు. మమ్మల్నిద్దర్నీ కలిపి చూసి తోట మేస్త్రి చెయ్యి ముద్ద దగ్గరే ఆగింది. నేను కూర్చోకుండానే చెప్పాను. బండికి పోసిన ఆయిలు తప్పు, అది పోసింది నేను, క్లచ్చు జారింది అందువల్ల, ఈ అమ్మాయి వచ్చి ముందుగానే చెప్పింది, నేను వినలేదు, తర్వాత ఆమె తప్పని చెప్పింది కూడా నేనే. గొంతు పైకి రాలేదు. వెనక కూర్చున్న ఒక ముసలాయన ఏమన్నాడని పక్కవాణ్ణి అడిగాడు. అతను చెప్పబోతే ఆమె ఆపింది. మళ్ళీ చెప్పండి, వాళ్ళకి వినపళ్ళేదంట అని నాతో అంది. రెండోసారి గట్టిగా చెప్పాను.

బావమరిదికి ప్రాణం లేచొచ్చినట్టుంది. నేను కూడా హాఫ్ క్లచ్చు పట్టలేదని చెబుతూనే ఉన్నాను కదా బావా అన్నాడు. ఆసామి కుర్చీలోంచి లేచాడు. కోపం వచ్చింది. రావాలి కూడా. ఇద్దరు ఆడవాళ్ళు ట్రక్కు కింద పడేవాళ్ళు తెలుసా అన్నాడు. తెలుసన్నాను. ఇకమీదట బండిని విజయవాడ పంపించుకుంటానన్నాడు. మీ ఇష్టమండి అన్నాను.

అప్పుడామె కలగజేసుకుంది.

"అంత దూరం ఎందుకండీ. ఈయన ఇంక ఆ ఆయిలు పొయ్యరులెండి" అంది.

ఎవరో నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు. ఆసామికి కూడా నవ్వు వచ్చింది గానీ ఆపుకున్నాడు. తోట మేస్త్రి నవ్వలేదు. కంచం పట్టుకుని లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు ఒక పళ్ళెంలో అన్నం, మామిడికాయ పప్పు పెట్టుకుని తెచ్చి ఆమె చేతికిచ్చాడు. ఆమె తీసుకుని కూర్చుని తిన్నది. నన్ను కూడా తినమన్నారు. ఆ పూట ఆకలి లేదని చెప్పాను.

కట్టు విప్పాక బండి మళ్ళీ నీదేనని ఆసామి ఆమెకు అందరి ముందూ చెప్పాడు. అలా చెప్పమని ఆమె అడగలేదు. కానీ చెప్పేదాకా అక్కడి నుంచి కదలలేదు.

షెడ్డుకు వచ్చి జరిగింది చెబితే బైకుల మెకానిక్ తల ఊపి తన పని చేసుకున్నాడు. సాయంత్రం టీ వచ్చినప్పుడు నా గ్లాసు తీసుకుని నేనే రేకుల కిందికి వెళ్ళాను. అతను గోనెపట్టా కొంచెం జరిపి చోటిచ్చాడు. ఆ తర్వాత మేం ఇద్దరం చాలా బళ్ళు కలిసి చూశాం. తెలియనిది అతన్ని అడగడానికి నాకు మొదట్లో మొహమాటంగా ఉండేది. కొన్నాళ్ళకు అలవాటైంది. ఏదైనా అడిగితే చెప్పడమే గానీ అతను నన్ను ఎప్పుడూ చిన్నబుచ్చలేదు. తన స్థానంలో నేనుంటే ఆ మర్యాద చూపించేవాణ్ణని గట్టిగా చెప్పలేను.

కొత్తగా పనిలోకి వచ్చేవాళ్ళకు ఒక మాట. ఏ బండికి ఏ ఆయిలు అన్నది డబ్బా వెనక రాసి ఉంటుంది. లేకపోతే ఫోన్లో దొరుకుతుంది. దానికి నా బోటివాడి అనుభవం అక్కర్లేదు. బండి నడిపే మనిషి మీ దగ్గరికి వచ్చి ఏదో చెబుతుంటే మాత్రం, అది పూర్తయ్యేదాకా మీ నోరు తెరవకండి. నేను ఈ పనిలో నేర్చుకున్నవాటిలో అన్నిటికంటే ఆలస్యంగా నేర్చుకున్నది ఇదే.

ఆమె కట్టు విప్పేసరికి కోతలు అయిపోయాయి. మళ్ళీ పూత నాటికి బండెక్కింది. ఎముక అతుక్కుంది గానీ మణికట్టు కొంచెం వంకరగా నిలబడింది. పట్టు మునుపటిలా లేదు. క్లచ్చు నొక్కడం కష్టంగా ఉందని చెప్పడానికి షెడ్డుకు వచ్చింది. ఈసారి ఆమె చెప్పింది మొత్తం విన్నాను. బైకుల మెకానిక్ వేరే బండిది పొడుగు లివరు ఒకటి వెతికి తెచ్చి, రెండు వేళ్ళతో నొక్కితే చాలేలా అమర్చాడు. ఆమె షెడ్డు ముందు రెండు చుట్లు తిప్పి చూసి బాగుందంది. ట్రాక్టర్ల మధ్య నుంచి రోడ్డు మీదికి ఎక్కించింది. మొదటి గేరు, రెండో గేరు, మూడోది. గేరు మార్చిన ప్రతిసారీ ఎడమచెయ్యి హ్యాండిలు మీద నుంచి తీసి గాల్లో ఒకసారి విదిలించి మళ్ళీ పట్టుకుంది.

ఇప్పటికీ అలాగే నడుపుతుందని, అది చెయ్యి నొప్పికని తెలియక తోటలో కొత్తవాళ్ళు అదేదో ఆమె స్టైలు అనుకుంటారని విన్నాను.